నేల కింది ఇంధనం: ఎవరూ చూడని లీకును ఎవరు చూడాలి?

2017 జనవరి నెలాఖరున ఎన్నూరు సమీప సముద్రంలో రెండు నౌకలు ఢీకొని, ఒలికిన చమురు తీరాన్ని నల్లబరచినప్పుడు ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. బాల్చీలతో చమురును ఎత్తిపోసిన వారి చిత్రాలు చాలామందికి ఇప్పటికీ గుర్తుండే ఉంటాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతో పాటు ఎన్నూరు ఉప్పుటేరులోకి చమురు చేరినప్పుడు పడవలకూ వలలకూ ఇళ్ల గోడలకూ పట్టిన జిడ్డును కప్పిపుచ్చడం ఎవరి తరమూ కాలేదు. నీటిపై తేలే చమురులో ఆ ఒక్క మేలు ఉన్నది: అది కంటికి కనబడుతుంది.

నేలలోకి ఇంకే చమురులో ఆ మేలు లేదు. తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న ఉత్తర చెన్నైలోని తండయార్‌పేటలో 2013లో కొన్ని వీధుల బోరునీటికి చమురు వాసన పట్టింది, నీటిపై తెట్టు కట్టింది. హార్బరు నుండి ఆ ప్రాంతంలోని నిల్వ కేంద్రానికి ఇంధనాన్ని చేరవేసే భూగర్భ గొట్టపు మార్గం నుండి కారిన చమురే దీనికి కారణమని తేలింది. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం వరకు వెళ్ళింది. ఫిర్యాదు చేసినవారు ఆ వీధుల నివాసులు. మోటారు వేసి, కుళాయి తిప్పి, ముక్కు చిట్లించుకున్న గృహస్థులే అక్కడ ప్రధాన పరిశీలకులైనారు.

ఆ సంఘటన గొట్టానికి సంబంధించినది. అయితే నగరంలో మనం రోజూ దాటిపోయే ప్రతి పెట్రోలు బంకు కిందా రెండు మూడు, కొన్నిచోట్ల అంతకు మించిన ఉక్కు ట్యాంకులు పాతిపెట్టి ఉంటాయి. పడుకోబెట్టిన పీపా ఆకారంలో, ఒక్కొక్కటి 20,000 లీటర్లు, అంతకంటె ఎక్కువ ఇంధనం పట్టేవి. వాటిని నేలలో పాతడానికి కారణం అగ్నిభయం. ఎండ తగలదు, వాహనం గుద్దుకోదు, పక్కన మంటలు లేచినా ట్యాంకు అంటుకోదు. ఈ ఏర్పాటు మంచిదే. కాని మంట నుండి కాపాడే మట్టే లీకును కూడా కప్పిపెడుతుంది. మిద్దె మీది నీళ్ల తొట్టి కారితే గోడ చెమ్మగిల్లుతుంది, పక్కింటివారు వచ్చి తలుపు తడతారు. పెట్రోలు ట్యాంకు కారితే ఆ ఊసు చెప్పడానికి గోడ అంటూ ఏదీ లేదు.

లీకు ఎట్లా మొదలవుతుంది?

ఉక్కుకు తేమ, ఉప్పు, గాలి కలిస్తే తుప్పు తప్పదు. సముద్రపు ఒడ్డున ఉన్న మన నగరంలో ఈ మూడింటికీ కొరత లేదు. తుప్పు ట్యాంకు మొత్తాన్నీ సమంగా తినదు. పైపూత చెదిరిన చోట, రాయి గీరుకున్న చోట, అతుకు దగ్గర సూదిబెజ్జమంత గుంట చేసుకొని లోపలికి తొలుచుకుంటూ పోతుంది. అందుకే మంచి ట్యాంకులకు మందమైన పూతతో పాటు మరొక రక్షణ ఇస్తారు. మెగ్నీషియం దిమ్మెలను తీగతో ట్యాంకుకు కలిపి పక్కన పాతుతారు. తుప్పు ఉక్కును వదలి ఆ దిమ్మెలను తింటుంది. దిమ్మె అరిగిపోయాక తిరిగి ఉక్కు వంతు వస్తుంది. కాబట్టి దిమ్మె ఎంత మిగిలినదో మధ్యమధ్య కొలిచి చూసేవారు కావాలి. దిమ్మె ఉన్నదని కాగితం మీద రాసుకున్నంత మాత్రాన ఉక్కుకు రక్షణ దొరకదు.

రెండు గోడల ట్యాంకులు ఇంతకంటె మేలైనవి. లోపలి గోడ కారితే ఇంధనం బయటి గోడలోనే నిలుస్తుంది. నడుమ ఉన్న సందులో పెట్టిన పరికరం హెచ్చరిస్తుంది.

నిజానికి లీకులు ట్యాంకు కంటె దానికి తగిలించిన గొట్టాలలో, అతుకులలో, లారీ నుండి ఇంధనం పోసే మూతి దగ్గర తరచుగా పుడతాయి. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవడం మంచిది. పాత పద్ధతి పంపు పైనుండి ఇంధనాన్ని పీల్చుకుంటుంది. దాని గొట్టానికి చిల్లు పడితే గాలి లోపలికి పోతుంది, పంపు సరిగా పనిచేయదు, సిబ్బంది వెంటనే గమనిస్తారు. కొత్త పద్ధతిలో ట్యాంకులో మునిగి ఉన్న మోటారు ఇంధనాన్ని ఒత్తిడితో పైకి నెడుతుంది. ఆ గొట్టానికి చిల్లు పడితే ఇంధనం మట్టిలోకి చిమ్ముతుంది, పైన మాత్రం పంపు యథాప్రకారం నడుస్తుంది. వేగంగా అమ్మడానికి వీలైన ఏర్పాటుకు కాపలా మరింత ఎక్కువ కావాలన్నమాట.

చిన్న లీకు ఎంత చిన్నది? సెకనుకు ఒక బొట్టు చొప్పున కారుతున్నదనుకుందాం. 20 బొట్లకు ఒక మిల్లీలీటరు లెక్కన రోజుకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి 1,500 లీటర్లకు పైగా నేలపాలవుతుంది. నెలకు లక్ష లీటర్లు అమ్మే బంకులో ఈ నష్టం యజమాని జేబుకు తగలదు. నేలకు తగులుతుంది.

కారిన పెట్రోలు మట్టిలో దిగుతూ పోయి భూగర్భజలాన్ని చేరుతుంది. నీటికంటె తేలిక కనుక దానిపై పరచుకొని, నీరు ప్రవహించే దిక్కుకు మెల్లగా సాగుతుంది. మన తీరప్రాంతపు ఇసుక నేలలో ఈ ప్రయాణానికి అడ్డంకి తక్కువ, నీరు లోతు తక్కువ. ఈశాన్య ఋతుపవనాలలో నీటిమట్టం లేచినప్పుడు దానిపై తేలుతున్న ఇంధనం కూడా లేస్తుంది. వేసవిలో లేని వాసన కార్తీక మాసంలో రావడం, సంక్రాంతి దాటిన కొన్నాళ్లకు తగ్గిపోవడం ఇందువలన జరగవచ్చు. వాసన తగ్గినది కనుక లీకు ఆగినదని అనుకోరాదు.

పెట్రోలులోని పదార్థాలన్నీ నీటిలో కరగవు. కరిగే వాటిలో బెంజీన్ ప్రమాదకరమైనది, క్యాన్సరు కారకం. తాగునీటిలో అది లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇప్పుడు మనకు అమ్మే పెట్రోలులో బెంజీన్ 1 శాతం వరకు ఉండవచ్చు. లెక్క కట్టి చూస్తే ఒక లీటరు పెట్రోలులో ఉండగల బెంజీన్ 8 లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. మన వీధికి వచ్చే 9,000 లీటర్ల నీటి లారీలు తొంభై నింపినా ఆ లెక్కలోపలే. కారిన బెంజీన్ అంతా నీటిలో కలవదు, కొంత ఆవిరవుతుంది, కొంతను మట్టిలోని సూక్ష్మజీవులు తింటాయి. ఇది పైహద్దు లెక్క అని గ్రహించాలి. అయినా లీటరుకే ఇంత లెక్క ఉన్నప్పుడు 1,500 లీటర్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పెట్రోలులో ఇప్పుడు 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. దానికి నీరంటే మక్కువ. వాననీరు ట్యాంకులోకి దిగితే ఇథనాల్ పెట్రోలును విడిచి నీటితో కలిసి అడుగున చేరుతుంది, అడుగు ఉక్కుకు చేటు తెస్తుంది. నేలలోకి కారినప్పుడు సూక్ష్మజీవులు ముందుగా ఇథనాల్‌ను తిని, అందుబాటులో ఉన్న ప్రాణవాయువును దానికే ఖర్చు చేస్తాయి. బెంజీన్ మిగిలిపోయి మరింత దూరం పోతుంది.

లెక్కల పుస్తకం ఏమి చెబుతుంది?

మట్టికంటె ముందు, బోరుకంటె ముందు లీకు ఒకచోట తప్పక కనబడుతుంది. అది బంకులోని నిల్వల పుస్తకం. ఉదయం ట్యాంకులో ఉన్నదానికి లారీ పోసినది కలిపి, మీటరు చూపిన అమ్మకాన్ని తీసివేస్తే మిగలవలసినది ఎంతో తెలుస్తుంది. గుర్తులున్న డిప్ రాడ్డును ట్యాంకులోకి దించి, తడి ఎంతవరకు వచ్చినదో చూసి, పట్టికతో పోల్చితే నిజంగా మిగిలినది ఎంతో తెలుస్తుంది. ఈ రెండింటి మధ్య తేడాయే అసలు సమాచారం.

తేడా అన్నంత మాత్రాన అనుమానించవలసిన పని లేదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే పెట్రోలు పరిమాణం సుమారు 1 శాతం మారుతుంది. కొంత ఆవిరైపోతుంది. రాడ్డు చదివేవారి కన్ను ఒక గీత అటూ ఇటూ కావచ్చు. ఇటువంటి తేడాలు ఒకరోజు ఎక్కువ, మరొకరోజు తక్కువగా ఊగుతుంటాయి. లీకు ఊగదు. అది ప్రతిరోజూ ఒకే వైపుకు తీస్తుంది. అందువలన ఒక్క రోజు అంకె చూసి ప్రయోజనం లేదు. ముప్పై రోజుల అంకెలను వరుసగా చూసినవారికే అది దొరుకుతుంది.

రాడ్డు కొనకు నీటిని గుర్తించే పేస్టు రాసి దించితే అడుగున నీరు చేరినదో లేదో దాని రంగు చెబుతుంది. వానాకాలంలో చుట్టూ నీటిమట్టం ట్యాంకు కంటె ఎత్తుకు వస్తే చిల్లు గుండా పెట్రోలు బయటకు రాదు, నీరే లోపలికి పోతుంది. వర్షం ఆగాక కూడా అడుగున నీరు పెరుగుతుంటే, దాన్ని తోడేసి ఊరుకోవడం కాదు, చిల్లు ఎక్కడున్నదో వెదకాలి. వేసవిలో అదే చిల్లు దిక్కు మార్చుకుంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలులో మామూలు పేస్టు అంత నమ్మదగినది కాదు, దానికి తగిన పేస్టు వాడాలి.

ఈ లెక్కకు కూడా హద్దులున్నాయి. అమెరికా నిబంధనల ప్రకారం నెలసరి తేడా ఆ నెల అమ్మకంలో 1 శాతానికి 130 గ్యాలన్లు, అనగా సుమారు 490 లీటర్లు, కలిపినంత వరకు ఉండవచ్చు. లక్ష లీటర్లు అమ్మే ట్యాంకుకు ఆ లెక్కన దాదాపు 1,500 లీటర్ల వరకు అనుమానం రాదు. అందుకే పుస్తకం ఒక్కటే చాలదు. ట్యాంకులో అమర్చిన స్వయంచాలక కొలమానాలు రాత్రి అమ్మకం లేని వేళ మట్టాన్ని కనిపెట్టి ఉంటాయి. గంటకు 0.2 గ్యాలను, అంటే ముప్పావు లీటరు లీకును అవి పట్టగలగాలని అక్కడి ప్రమాణం. అది కూడా నెలకు 500 లీటర్ల పైమాటే. ఒక సాధనం జారవిడిచినదాన్ని మరొకటి పట్టాలి. వాటన్నిటినీ ఒక మనిషి చూడాలి.

మన దేశంలో ఈ చూపు ఎవరిది? 1934 నాటి పెట్రోలియం చట్టం, 2002 నాటి పెట్రోలియం నియమాల కింద ట్యాంకులకు లైసెన్సు ఇచ్చేది పెసో అనే పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. నాగపూరు దాని ప్రధాన కేంద్రం, చెన్నైలోనూ కార్యాలయం ఉన్నది. బంకు పెట్టడానికి ముందుగా జిల్లా అధికారి లేదా పోలీసు కమిషనరు నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. పోసే కొలత సరిగా ఉన్నదో లేదో తూనికలు కొలతల శాఖ చూస్తుంది. కల్తీ సంగతి పౌరసరఫరాల అధికారులు, చమురు సంస్థలు చూస్తాయి. కాలుష్య నియంత్రణ మండలి ఉన్నది, అగ్నిమాపక శాఖ ఉన్నది. ఇంతమంది ఉన్నారు. అయితే వీరిలో ఎక్కువమంది చూపు నేలపైన ఉన్నదాని మీదనే. అయిదు లీటర్ల కొలతపాత్రలో యాభై మిల్లీలీటర్లు తగ్గితే వినియోగదారుడు నిలదీయగలడు, అధికారి పంపుకు సీలు వేయగలడు. అదే యాభై మిల్లీలీటర్లు నిమిషానికోసారి మట్టిలోకి పోతుంటే నిలదీసే వినియోగదారుడు లేడు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో కొత్త బంకులకు మార్గదర్శకాలు ఇచ్చింది. పాఠశాలలకు, పది పడకలు అంతకు మించిన ఆసుపత్రులకు, నివాస ప్రాంతాలకు 50 మీటర్ల దూరం ఉండాలి. స్థలాభావం ఉంటే అదనపు భద్రతా చర్యలతో తగ్గించవచ్చు, కాని 30 మీటర్ల లోపుకు ఎట్టి పరిస్థితిలోనూ రాకూడదు. ఆవిరి నుండి, అగ్ని నుండి రక్షణకు ఈ దూరం అవసరమే. భూగర్భజలం మాత్రం 50 మీటర్ల దగ్గర ఆగి అనుమతి అడగదు. పైగా ఈ నియమం కొత్త బంకులకు. మన పాత పేటలలో ఇళ్ల గోడలను ఆనుకొని దశాబ్దాలుగా నడుస్తున్న బంకుల విషయంలో దూరం పెంచడం సాధ్యం కాదు, కాపలా పెంచడమే సాధ్యం.

అమెరికా నేర్చుకున్న పాఠం

ఈ విషయంలో అమెరికా అనుభవం మనకు పనికివస్తుంది. వారు మనకంటె తెలివైనవారని కాదు, ముందుగా దెబ్బతిన్నారని. 1980ల నుండి అక్కడ అయిదు లక్షలకు పైగా భూగర్భ ట్యాంకుల లీకులు నిర్ధారణ అయినాయి. 1996లో కాలిఫోర్నియాలోని సాంటా మోనికా నగరం పెట్రోలులో కలిపే ఒక రసాయనం బావులలోకి చేరినందున తన నీటి సరఫరాలో దాదాపు సగం కోల్పోయింది. 1984లో చట్టం వచ్చింది. పాత ట్యాంకులన్నిటికీ తుప్పు నుండి, ఒలికిపోవడం నుండి రక్షణ పరికరాలు అమర్చడానికి 1998 డిసెంబరు 22 వరకు గడువు ఇచ్చారు.

గడువు దాటాక 2001లో అక్కడి పార్లమెంటుకు చెందిన గణాంక పరిశీలనా కార్యాలయం లెక్క తీసింది. సుమారు 89 శాతం ట్యాంకులకు పరికరాలు అమర్చారు. బాగానే ఉన్నది. కాని సుమారు 29 శాతం ట్యాంకులను సరిగా నడపడం లేదు, పోషించడం లేదు. హెచ్చరిక యంత్రం ఉన్నది, దాన్ని కట్టివేసి పెట్టారు. తుప్పు నిరోధక ఏర్పాటు ఉన్నది, దానికి కరెంటు లేదు. ఇటువంటి కథలే ఎక్కువ. కారణం వెదికితే సిబ్బందికి శిక్షణ లేదు, సగానికి పైగా రాష్ట్రాలలో ట్యాంకుల దగ్గరకు తగినంత తరచుగా వెళ్ళి చూసిన అధికారి లేడు. డబ్బు ఖర్చు చేసి కొన్న పరికరం చూసేవారు లేక అలంకారమైపోయింది.

అందుకు 2005 చట్టం చేసిన మందు సాదాసీదా అయినది. ప్రతి ట్యాంకునూ మూడేళ్లకు ఒకసారి అధికారి స్వయంగా వెళ్ళి చూడాలి. నడిపేవారు శిక్షణ పొందాలి. నియమాలు పాటించని ట్యాంకులోకి ఇంధనం పోయడాన్ని నిషేధించాలి. చాలా రాష్ట్రాలలో ఆ ట్యాంకు మూతికి ఎర్ర చీటీ కడతారు. లారీ డ్రైవరు చీటీ చూసి వెనక్కు తిరుగుతాడు. జరిమానా అయితే కోర్టులో ఏళ్ల తరబడి నలుగుతుంది. ఎర్ర చీటీ ఆ సాయంత్రమే అమ్మకం ఆపుతుంది. 2015లో మరికొన్ని నియమాలు చేర్చి, నెలకొకసారి యజమానే పరికరాలను చుట్టి చూసి రాసిపెట్టాలన్నారు. 1990ల ఆరంభంలో ఏటా పదుల వేలల్లో బయటపడిన లీకులు ఇప్పుడు కొన్ని వేలకు దిగినాయి. లీకులు ఆగలేదు. తగ్గినాయి.

మనకు కావలసినది కూడా ఇదేనని ఈ రచయిత అభిప్రాయం. బంకు పుస్తకాన్ని రాసేవారు కాక వేరొకరు, అమ్మకంతో లాభం లేనివారు, నెలల తరబడి వరుసగా చదవాలి. స్వయంచాలక కొలమానాల వివరాలు చమురు సంస్థకు చేరుతున్నప్పుడు అదే నేల నుండి నీరు తోడే నీటి సంస్థకు, వార్డు కార్యాలయానికి హెచ్చరికైనా చేరాలి. బంకు అంచున ఒక చిన్న పరిశీలక బావి, ఏడాదికి ఒకటి రెండుసార్లు దాని నీటి పరీక్ష, ఫలితం గోడ మీద అంటించడం. దీని ఖర్చు ఒక బోరు కలుషితమయ్యాక శుద్ధి చేసే ఖర్చు ముందు లెక్కలోనిది కాదు.

బంకుల మాట సరే, మన ఇళ్ల మాట కూడా ఒకటున్నది. పెద్ద అపార్టుమెంట్లలో, కల్యాణ మండపాలలో, చిన్న ఆసుపత్రులలో జనరేటరు కొరకు డీజిలు నిల్వ ఉంటుంది. ఒక్కొక్క పాత్ర 1,000 లీటర్లు మించకుండా, మొత్తం 2,500 లీటర్లు దాటకుండా ఉంటే చట్టరీత్యా లైసెన్సు అవసరం లేదు. అంగట్లో 990 లీటర్ల ట్యాంకులకు గిరాకీ అందువలననే. లైసెన్సు లేనిచోట తనిఖీ కూడా లేదు. కనుక ఆ బాధ్యత సంఘపు కార్యదర్శిదే. ట్యాంకును మట్టిలో పాతకుండా కనబడే చోట, కారితే నిలిచేందుకు చుట్టూ గట్టు కట్టి ఉంచడం మేలు. వాననీటి ఇంకుడు బావికి ఆనించి మాత్రం పెట్టకూడదు. ఇంకుడు బావి నేలలోకి నేరుగా దారి. బంకు ఆవరణపు వాననీరైనా సరే, నూనెను వేరుచేసే తొట్టె దాటాకనే పోవాలి.

మూసివేసిన బంకు స్థలాలను కొనేవారు, అక్కడ ఇల్లు కట్టేవారు పాత ట్యాంకులను ఖాళీ చేసి, ఆవిరి తీసి, తొలగించినట్లు కాగితం అడిగి తీసుకోవాలి. పట్టా చూసేవారు చాలామంది ఈ కాగితం అడగరు.

వాసన వస్తే

1992 ఏప్రిల్ 22న మెక్సికోలోని గ్వాడలహారా నగరంలో మురుగు కాలువలలోకి చేరిన పెట్రోలు పేలి సుమారు ఎనిమిది కిలోమీటర్ల వీధులు చీలిపోయినాయి, రెండు వందల మందికి పైగా చనిపోయారు. పెట్రోలు గొట్టం దగ్గరగా వేసిన నీటి గొట్టం వలన తుప్పు పట్టి చిల్లు పడినదని తేలింది. పేలుడుకు కొన్ని రోజుల ముందు నుండే వీధివారు వాసన గురించి ఫిర్యాదు చేస్తూ వచ్చారు.

కనుక డ్రైనేజీ మూత దగ్గర, నేలమాళిగలో, లిఫ్టు గుంటలో, బోరునీటిలో పెట్రోలు లేదా కిరోసిన్ వాసన వస్తే స్విచ్చులు వేయకండి, తీయకండి. అగ్గిపుల్ల గీయకండి. వాసన మూసి ఉన్న చోట ఉంటే బయటకు వచ్చి 101కు చెప్పండి. బోరునీటి విషయమైతే కార్పొరేషన్ 1913కు ఫిర్యాదు చేసి సంఖ్య రాసుకోండి. ఆ నీటిని కాచి తాగవచ్చుననుకోవడం పొరపాటు. కాచితే బెంజీన్ ఆవిరై వంటింట్లో, పొయ్యి పక్కనే చేరుతుంది. వేడినీళ్ల స్నానానికీ వాడకూడదు.

పరీక్షకు నీటిని ప్లాస్టిక్ సీసాలో పట్టకండి, గాజు సీసాలో పట్టండి. గాలి మిగలకుండా అంచు వరకు నింపి, బిగించి, చల్లగా ఉంచి అదే రోజు ఇవ్వాలి. సగం నింపిన సీసాలో పెట్రోలు ఆవిరి పైభాగానికి పోయి, నీరు శుభ్రంగా ఉన్నట్లు ఫలితం రావచ్చు. ఫిర్యాదు లేఖలో వాసన మొదలైన తేదీ, బోరు లోతు, వాన పడిన రోజులు, ఆ వీధిలో ఇంకా ఏయే ఇళ్లలో వాసన ఉన్నదో, ఏయే ఇళ్లలో లేదో రాయండి. లేని ఇళ్ల వివరం కూడా ముఖ్యమే. ఏ దిక్కు నుండి వస్తున్నదో అధికారి దాని ఆధారంగానే వెదుకుతారు.